ఎర్ర చుక్క పెట్టిన ఇళ్లు

కొత్త పెయింటు వాసన, స్టవ్ మీద వెచ్చబడుతున్న పాల వాసన, పళ్లెంలో సిద్ధంగా పెట్టిన కర్పూరం వాసన. ఈ మూడూ కలిసిన చోట అందరికీ పండగలా ఉంటుంది. నాకు ఒళ్లు మండుతుంది. పోయిన శనివారం ఉదయం ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్ చివర, ఇంకా ఫుట్‌పాత్‌లు కూడా పూర్తికాని ఒక కొత్త హౌసింగ్ ఎస్టేట్‌లో అద్దెకు దిగుతున్న ఒక తెలుగు కుటుంబానికి తాళాలు ఇవ్వడానికి వెళ్లాను. ఇళ్లు అద్దెకు ఇప్పించే ఏజెన్సీలో నా ఉద్యోగం అదే. ఆ ఇంటి ఇల్లాలు కొంగు నడుముకు దోపుకుని, ఫోన్‌ను కిటికీలో నిలబెట్టి, అత్తగారిని వీడియోలోకి తెచ్చాక, నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి అడిగింది. “అక్కా, పాలు పొంగించేదాకా ఆ స్మోక్ అలారం తీసి పక్కన పెడతారా? అది కూసిందంటే మా అత్తయ్య అపశకునం అంటారు.” నేను స్టవ్ కట్టేశాను. చేతిలోని పొడవాటి నల్ల గొడుగును తిరగేసి పట్టుకుని హాల్లోకి నడిచాను. “ముందు అది కూయాలమ్మా. తర్వాతే పాలు” అన్నాను. నా గొంతులో కోపం విని ఆ అమ్మాయి బిత్తరపోయింది. ఆ కోపం ఆమె మీద కాదని చెప్పాలంటే చాలా చెప్పాల్సి వచ్చేది, అందుకే ఏమీ చెప్పలేదు.

ఆ గొడుగు నాది కాదు, రూత్ ఆంటీది. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. ఐదడుగులు కూడా లేని మనిషి, ఒంగోలు దగ్గర పల్లెటూరు, పదో తరగతి చదువు. ఈ దేశానికి వచ్చి పద్నాలుగేళ్లు కేర్ హోముల్లో ముసలివాళ్లను లేపి కూర్చోబెట్టి, స్నానాలు చేయించి, నడుము పాడుచేసుకుంది. ఇక బరువులు ఎత్తొద్దని డాక్టరు చెప్పాక మా ఏజెన్సీలో చేరి ఇన్వెంటరీ క్లర్క్ అయింది. అంటే అద్దెకు దిగేవాళ్లు వచ్చేముందు, వెళ్లిపోయిన తర్వాత, ఇల్లంతా తిరిగి ప్రతి గీతనూ ప్రతి మరకనూ రాసిపెట్టే పని. పైకప్పుకున్న అలారం బొత్తాం ఆమె చేతికి అందదు కాబట్టి ఏ కాలంలోనైనా ఆ గొడుగు వెంట ఉండేది. గొడుగు మొనతో బొత్తాం నొక్కేది. అది చెవులు చిల్లులు పడేలా కూస్తే అప్పుడు, ఆ ఒక్క క్షణం మాత్రం, ఆమె ముఖంలో తృప్తి కనిపించేది. మిగతా సమయమంతా ఆమె కోపంగానే ఉండేది. ఆ కోపం దేనికో నాకు అర్థమయ్యేసరికి చాలా ఆలస్యమైంది.

నేను ఆ ఆఫీసులో చేరింది 2014లో. అనంతపురంలో బీకాం చదివి, పెళ్లయ్యాక మా ఆయన ఉద్యోగం వెంట ఇక్కడికి వచ్చి, రెండేళ్లు ఫ్లాట్‌లో గోడలు చూస్తూ కూర్చున్నదాన్ని. ఏజెన్సీ యజమాని మూర్తిగారు, మనవాళ్లకు ఇళ్లు చూపించే మనవాడు. నవ్వు ముఖం, ప్రతి మాటకూ “అమ్మా” తగిలిస్తాడు. నన్ను ఆంటీతో పాటు మొదటి ఇంటికి పంపాడు. వంటగది చూసి ఫారంలో “శుభ్రంగా ఉంది” అని రాశాను. ఆంటీ నా పెన్ను లాక్కుని ఆ మాట కొట్టేసింది. “ఎవరి శుభ్రం? మీ అమ్మదా, నాదా? ఏందమ్మాయ్ ఈ రాత? సింకు పక్కన అంగుళమంత కాలిన మచ్చ ఉంది. అది కనపడలా నీకు?” కనపడింది కానీ చిన్నదే కదా అన్నాను. “చిన్నదో పెద్దదో చెప్పటానికి నువ్వెవరు? చూసింది రాయి. అనుకున్నది రాయమాక.” కేర్ హోములో ప్రతి మాత్ర, ప్రతి మెతుకు రాసి సంతకం పెట్టిన చెయ్యి అది. ఒక ముసలాయనకు మందు ఇవ్వకుండానే ఇచ్చినట్టు రాసిన అమ్మాయి గురించి ఆ రోజే చెప్పింది. ఆ ముసలాయన ఏమయ్యాడని అడిగాను. “ఏమయ్యాడో నీకు తెలవదా?” అని కారు ఎక్కింది.

ఈ దేశం సంగతి కొంచెం చెప్పాలి. ఇంగ్లండులో ఇళ్లు అద్దెకు ఇప్పించే ఏజెంటు కావడానికి లైసెన్సు అక్కర్లేదు. ఆంటీకి దీని మీద పట్టరాని కోపం. “కారు తోలాలంటే లైసెన్సు. చెరువులో గాలం వెయ్యాలంటే లైసెన్సు. ఇంట్లో కూర్చుని టీవీ చూడాలన్నా లైసెన్సే! చంటిపిల్లలున్నోళ్లకి ఇల్లు చూపించి తాళాలు చేతిలో పెట్టేవాడికి మాత్రం ఏం అక్కర్లా. ఒక కుర్చీ, ఒక ఫోను, ఒక టై ఉంటే చాలు.” లైసెన్సు లేదు కానీ ఒక పరీక్ష మాత్రం ఉంది. ఇష్టమైనవాళ్లు రాయొచ్చు. నాలుగు పేపర్లు: భద్రత, అద్దె చట్టం, ఇంటి నిర్వహణ, ఏజెంటు పద్ధతులు. ఆఫీసులో ఒక్కరైనా అది పాసైతే ఏజెంట్ల వృత్తి సంఘం వాళ్లు అద్దం మీద అంటించుకోవడానికి ఒక స్టిక్కర్ ఇస్తారు. ఎదురు వరసలో ఇంకో ఏజెన్సీ తెరిచి ఆ స్టిక్కర్ అంటించేసరికి మూర్తిగారికి నిద్ర పట్టలేదు. నన్ను పిలిచి, “నువ్వు రాయమ్మా మాధవీ. డిగ్రీ ఉంది, నీట్‌గా ఉంటావు” అన్నాడు. రూత్ ఆంటీకి అన్నీ తెలుసు కదా, ఆమె రాయొచ్చు కదా అన్నాను. “ఆవిడకి అవన్నీ ఎందుకమ్మా పాపం” అని నవ్వాడు. ఆ పాపం అన్న మాట పక్క బల్ల దగ్గరున్న ఆంటీకి వినిపించింది.

అయినా నాకు చదువు చెప్పింది ఆమే. నా దగ్గర లావుపాటి ఫైలు ఉండేది. రాత్రి చదివితే ఉదయానికి మర్చిపోయేదాన్ని. ఆంటీ పద్ధతి వేరు. మిల్టన్ కీన్స్‌లో గడులు గీసినట్టుండే రోడ్లు, రెండు నిమిషాలకో రౌండబౌట్, గుండ్రంగా చుట్టి దాటాల్సిన కూడలి. ఆమె ఎర్ర చిన్న కారులో ఇంటి నుంచి ఇంటికి తిరుగుతున్నప్పుడు ఒక్కో రౌండబౌట్‌కు ఒక్కో ప్రశ్న. రౌండబౌట్‌లోకి దూరేముందు ప్రశ్న అడిగేది, బయటపడేలోపు నేను జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే బయటకు వచ్చేది కాదు. అందులోనే చుట్టూ తిప్పేది. వెనక వాళ్లు హారన్ కొడుతున్నా సరే, “గ్యాస్ సర్టిఫికెట్ ఎన్నాళ్లకోసారి?” అంటూ రెండో చుట్టు, మూడో చుట్టు. ఏడాదికోసారి అని అరిచాకే స్టీరింగ్ తిప్పేది. అద్దెకున్నవాళ్ల ఇంట్లోకి చెప్పకుండా వెళ్లొచ్చా, బూజు పట్టిందంటే ఎవరు బాగుచేయాలి, ఖాళీ చెయ్యమని నోటీసు ఎలా ఇవ్వాలి, అన్నీ నాకు రౌండబౌట్ల పేర్లతోనే గుర్తు. ఒకసారి అడిగాను. “మీకు ఇవ్వాల్సిన అవకాశం నాకిచ్చినాడు కదా, నా మీద కోపం లేదా ఆంటీ?” ఆమె అద్దంలో వెనక కారును చూస్తూ, “ఉంది. ఎందుకుండదు? ఉందని నీకు తప్పు నేర్పుతానా? తర్వాతి రౌండబౌట్ వచ్చింది, చెప్పు. స్మోక్ అలారం ఎప్పుడు చూడాలి?” అంది. అప్పటికి ఆ నిబంధన కొత్తగా వచ్చింది. ప్రతి అంతస్తులోనూ ఒక అలారం ఉండాలి, అద్దె మొదలయ్యే రోజున అది మోగుతోందో లేదో స్వయంగా చూడాలి. ముందురోజు కాదు, మర్నాడు కాదు. ఈ ఒక్క ప్రశ్నను ఆమె కనీసం ఇరవైసార్లు అడిగి ఉంటుంది.

ఇక ఎర్ర చుక్క గురించి. ఆఫీసు గోడకు ఒక తెల్లబోర్డు ఉండేది. ఏ రోజు ఏ ఇంటికి ఎవరు వెళ్లాలో మూర్తిగారు దాని మీద రోటా రాసేవాడు. కొన్ని ఇళ్ల పక్కన ఎర్ర మార్కర్‌తో చిన్న చుక్క పెట్టేవాడు. ఆ చుక్క ఉన్న ఇళ్లకు నేను, లేని ఇళ్లకు ఆంటీ. మొదట్లో అది పాలు పొంగించే ముహూర్తం గుర్తు అనుకున్నాను. ఒకరోజు ఆంటీనే అడిగాను. ఆమె నా నుదుటివైపు చూపించింది. “అది బొట్టు. నీకుంది, నాకు లేదు. మనోళ్లు కొత్తింట్లో దిగే రోజున నేను గడప తొక్కకూడదంట. నీకు కారు రాదు కాబట్టి నేను తోలుకొచ్చి బయట కూర్చోవాల. నువ్వు లోపలికి పోవాల.” నేను మూర్తిగారిని అడిగాను, అడగకపోలేదు. “చూడమ్మా, నాకేం పట్టింపుల్లేవు. నేను రూతమ్మ తెచ్చిన క్రిస్మస్ కేకు తినలేదా? కానీ వాళ్ల సెంటిమెంటు వాళ్లది. కస్టమర్లు కదా” అన్నాడు. నాకది సబబుగానే తోచింది. సబబుగా తోచిందని ఒప్పుకోవడానికి నాకిప్పుడు సిగ్గుగా ఉంది. సిగ్గు కంటే ఎక్కువగా కోపం ఉంది, ఆనాటి నా మీద.

లావణ్య వాళ్ల ఇల్లు ఎర్ర చుక్క ఇల్లే. 2016 వేసవి చివర, నా పరీక్షకు ఇంకా నెలరోజులుంది. బ్లెచ్లీ వైపు పాతకాలపు రెండంతస్తుల ఇల్లు. లావణ్య, ఆమె భర్త, మూడేళ్ల పాప. ఆంటీ కారు ఎదురుగా ఆపి, సీటు వెనక్కి వాల్చి, గొడుగు నా చేతికివ్వబోయింది. “వద్దులే ఆంటీ, నాకందుతుంది” అన్నాను. “అందటం కాదు, నొక్కాల” అంది. లోపల పాలు పెట్టారు, అగరొత్తులు వెలిగించారు, వీడియోలో అటు పదిమంది ఇటు పదిమంది చూస్తున్నారు. ఆ పొగకు అలారం ఒక్క కూత కూసింది. “తీసేయండక్కా ప్లీజ్” అంది లావణ్య. నేను కుర్చీ ఎక్కి మూత తిప్పి బ్యాటరీ లాగి, వంటగది సొరుగులో చెంచాల పక్కన పెట్టాను. పాలు తూర్పు వైపు పొంగాయి. నాకు బొట్టు పెట్టి, పండు, రవికెల గుడ్డ చేతిలో పెట్టారు. ఈ ఊళ్లో రెండేళ్లు ఎవరికీ ఏమీకాని నన్ను పెద్దముత్తైదువలా పీట వేసి కూర్చోబెట్టారు. పరమాన్నం తింటూ ఫారం తీసి, వరసగా టిక్కులు పెట్టుకుంటూ పోయాను. అలారం పరీక్షించారా: టిక్.

ఇంకోటి జరిగింది. దాన్ని దాటేసి రాయాలని చాలాసార్లు అనిపించింది. లావణ్య కిటికీలోంచి బయటకు చూసి, “కారులో ఎవరో ఆంటీ ఉన్నారే, ఎండలో కూర్చున్నారు పాపం. లోపలికి పిలవండక్కా, పరమాన్నం తింటారు” అంది. ఏ సెంటిమెంటు కోసమని ఆంటీని ఎండలో కూర్చోబెట్టామో, ఆ సెంటిమెంటు ఆ ఇంట్లో లేనే లేదు. అది మూర్తిగారి బోర్డు మీద ఉంది. నా నోట్లో ఉంది. “పర్లేదండీ, ఆమెకు వేరే పనుంది” అన్నాను. పీట మీద కూర్చున్న దర్జా పోతుందని అలా అన్నానో, అలవాటుగా అన్నానో నాకే తెలియదు. కారెక్కాక ఆంటీ తాళం తిప్పబోయి ఆగి, “నొక్కావా?” అంది. బ్యాటరీ సొరుగులోనే ఉండిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది. మళ్లీ లోపలికి వెళ్లి, కుర్చీ ఎక్కి, ఆ మర్యాదంతా చెడగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. “నొక్కినాను ఆంటీ” అన్నాను. ఆమె నమ్మింది. ఆమె ఎవరినీ అంత తేలిగ్గా నమ్మదు. నన్ను నమ్మింది.

మూడు వారాల తర్వాత ఒక శుక్రవారం పొద్దున లావణ్య మెట్ల కింది అలమరలో దేవుడి దగ్గర దీపం వెలిగించి, పాపకు స్నానం చేయించడానికి మేడ మీదికి వెళ్లింది. ఆ అలమరలోనే సామాన్లు తెచ్చిన అట్టపెట్టెలు ఉన్నాయి. ఇక్కడి ఇళ్లల్లో దేవుడికి వేరే చోటేదీ, చీపురూ వాక్యూమ్ క్లీనరూ ఉండే చోటే ఆయన్నూ పెట్టుకుంటాం. అట్టపెట్టె అంటుకుంది. కింది అలారం కూయలేదు, నేను నొక్కి చూడని మేడ మీదిదీ కూయలేదు. పొగ బాత్రూం తలుపు కిందనుంచి వచ్చేదాకా ఆమెకు తెలియలేదు. పాపను తడి తువ్వాలులో చుట్టుకుని మెట్ల మీదుగా పరిగెత్తి, కాలుతున్న అలమర తలుపును కుడిచేత్తో తోసుకుంటూ వీధి తలుపు దాకా వచ్చింది. పక్కింటాయన ఆ తలుపు పగలగొట్టి ఇద్దరినీ బయటకు లాగాడు. పాప నాలుగు రోజులు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉంది. బతికింది. లావణ్య చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా కాలిపోయింది. ఫైర్ సర్వీసు వాళ్లు పైకప్పుకున్న ఖాళీ అలారం చూశారు. తర్వాత సొరుగులో చెంచాల పక్కన బ్యాటరీ దొరికింది.

సోమవారం మూర్తిగారు ఆఫీసు తలుపు లోపల గడియపెట్టి ఫారం బల్ల మీద పరిచాడు. మన మున్సిపాలిటీ లాంటి కౌన్సిల్ వాళ్లు దాన్ని అడిగారట. ఫారంలో టిక్ నాది. కానీ అడుగున, ఇన్వెంటరీ క్లర్క్ అన్నచోట, ఆంటీ పేరు ఉంది. ఎవరు వెళ్లినా కంప్యూటర్‌లోంచి ఆమె పేరుతోనే ఫారం అచ్చయ్యేది. ఆ పేరు మార్చాలని ఎవరికీ తోచలేదు. “ఇందులో మనం అబద్ధమేం రాయడం లేదు. ఉన్న కాగితం ఉన్నట్టు పంపుతున్నాం” అన్నాడు మూర్తిగారు. ఆంటీ లేచి నిలబడింది. “నేను కార్లో కూర్చున్నా. మీరే కూర్చోబెట్టారు.” తర్వాత నావైపు తిరిగింది. “నొక్కానన్నావు గదా?” నేను బల్ల మీది ఫారం వైపు చూస్తూ ఉండిపోయాను. ఆమెకు అంతా అర్థమైంది. ఆ గదిలో అరుస్తుందనుకున్నాను, అరిస్తే బాగుండేది.

కారులో మాత్రం మాట్లాడింది. ఇంజను ఆన్ చేయలేదు. “పరీక్ష ఎప్పుడు?” గురువారం అన్నాను. “పోయి రాయి. అలారం ప్రశ్న వచ్చిద్ది. అక్కడ ఏం నొక్కుతావో, కౌన్సిల్ వాళ్లకీ అదే చెప్పు. నీ బదులు నేను చెప్పను. చెప్పలేక కాదు. నేను చెప్తే తప్పించుకోటానికి చెప్తందంటారు. నువ్వు చెప్తే నమ్ముతారు.” కారు తాళం తిప్పుతూ, “అది కూడా ఆ ఎర్ర చుక్కేనమ్మాయ్” అంది. ఆ రోజు ఇంటికి వెళ్లేదాకా పదకొండు రౌండబౌట్లు వచ్చాయి. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

గురువారం కంప్యూటర్ సెంటర్‌లో, డ్రైవింగ్ పరీక్షకు వచ్చిన కుర్రాళ్ల మధ్య కూర్చుని పరీక్ష రాశాను. మొదటి పేపర్‌లో ఆ ప్రశ్న వచ్చింది. స్మోక్ అలారం పనిచేస్తున్నదీ లేనిదీ ఎప్పుడు చూడాలి? నాలుగు జవాబులు. మూడో జవాబు సరైనది, దాన్నే నొక్కాను. ఆ ప్రశ్నకు ఒక మార్కు వచ్చింది. ఒక పాప ఊపిరితిత్తుల నిండా పొగ పట్టించినదానికి, అదే విషయంలో, ఒక మార్కు. నాలుగు పేపర్లూ పాసయ్యాను. మర్నాడు ఆఫీసులో ఫోన్ మోగితే నేనే తీశాను. కౌన్సిల్ నుంచి ఒకావిడ మర్యాదగా అడిగింది, ఆ ఇంట్లో ఆ రోజు తనిఖీ చేసింది ఎవరని. ఆంటీ ఎదురుగానే కూర్చుని ఉంది. నా పెదాల వైపు చూస్తోంది. “మా మేనేజర్‌తో మాట్లాడండి” అన్నాను. అంతే అన్నాను. ఉద్యోగం పోతుందని భయం, పాసైన కాగితం చేతికి రాకముందే చిరుగుతుందని భయం, మా ఆయన “మనకెందుకు, మూర్తిగారు చూసుకుంటారులే” అన్న మాట. ఇవన్నీ కారణాలే. ఏ ఒక్కటీ పనికొచ్చేది కాదు. ఆంటీ బల్ల సొరుగులోంచి తన కళ్లజోడు పెట్టె, ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. మూర్తిగారు ఆమెను తీసేశానని కౌన్సిల్‌కు రాశాడు. గొడుగు మూలనే ఉండిపోయింది. నాకోసం వదిలింది కాదు, మర్చిపోయింది.

మూడు వారాల తర్వాత నా సర్టిఫికెట్ పోస్టులో వచ్చింది. మూర్తిగారు దానికి ఫ్రేము కట్టించి, స్టిక్కర్ పక్కనే వీధిలోకి కనపడేలా పెట్టాడు. స్వీట్లు పంచాడు. బోర్డు మీద మర్నాటి రోటాలో ఒక కొత్త ఇంటి పక్కన ఎర్ర చుక్క పెడుతూ, “ఇక అన్ని ఇళ్లూ నీవేనమ్మా” అన్నాడు. లడ్డూ నా చేతిలోనే ఉంది. అప్పుడు వచ్చిన కోపం నాకు అంతకుముందెప్పుడూ రాలేదు. అది ఆయన మీదికి ఎంత వచ్చిందో నా మీదికి అంతకు రెట్టింపు వచ్చింది. తడిగుడ్డతో ఆ బోర్డంతా తుడిచేశాను. “ఏంటమ్మా, ఏమైంది?” అంటూనే ఉన్నాడు. బస్సెక్కి కౌన్సిల్ ఆఫీసుకు వెళ్లి, ఆ ఇంట్లోకి వెళ్లింది నేను, బ్యాటరీ తీసింది నేను, టిక్ పెట్టింది నేను, రూత్ ఆంటీ కారులో ఉంది, ఎందుకు కారులో ఉందంటే ఇందుకు, అని మొత్తం చెప్పి సంతకం పెట్టాను. నా ఉద్యోగం పోయింది. మూర్తిగారికి నోటీసులు వచ్చాయి, స్టిక్కర్ పోయింది, ఆఫీసు మూతపడింది. నాలుగు నెలలు తిరగకముందే ఇంకో వీధిలో, ఇంకో పేరుతో, అదే నవ్వు ముఖంతో కొత్త బోర్డు పెట్టాడు. ఎవరూ ఆపలేదు. లైసెన్సు అక్కర్లేదు కదా.

ఆంటీ స్విండన్‌లో కూతురి దగ్గరకు వెళ్లిపోయిందని తెలిసి వెతుక్కుంటూ వెళ్లాను. తలుపు తీసిన మనిషి కేర్ హోము యూనిఫాంలో ఉంది. వద్దన్న పనికే మళ్లీ చేరింది, నడుముకు బెల్టు కట్టుకుని. గొడుగు ఇవ్వబోయాను. “అక్కడే నిలబడు” అంది. నేను గడప అవతలే నిలబడ్డాను. “సారీ చెప్పటానికొచ్చావా?” అవునన్నాను. కౌన్సిల్‌లో అన్నీ చెప్పేశానని కూడా అన్నాను. “విన్నాలే, వాళ్లు ఉత్తరం రాశారు. నా పేరు కడిగారంట.” ఆమె గొంతులో సంతోషం ఏమీ లేదు. “ఆ పిల్ల చెయ్యి చూసొచ్చావా?” నేను గొడుగును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను. “చూళ్లా. నీకు నా మొకం చూసేదానికి ధైర్యం వచ్చింది గానీ ఆ చెయ్యి చూసేదానికి రాలా. ముందు అక్కడికి పో. మళ్లీ నా దగ్గరికి రానక్కర్లా. నన్ను క్షమించమని అడగమాక, నాకు చేతకాదది. ఆ గొడుగు ఉంచుకో. నొక్కు.” తలుపు వేసేసింది. షిఫ్టుకు టైమైందో, నన్ను ఇక చూడలేకపోయిందో తెలియదు.

లావణ్య దగ్గరకు వెళ్లాను. అద్దెకు ఇంకో ఇల్లు, హాల్లో పాప బొమ్మలు. ఆమె పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంది. అడిగితే మడిచి చూపించింది. చర్మం మడతలు పడి, మెరుస్తూ, వేరే ఎవరిదో చెయ్యి తెచ్చి అతికించినట్టు ఉంది. “తప్పు నాదేనక్కా. తీసేయమని నేనే కదా మిమ్మల్ని అడిగాను. దీపం పెట్టిందీ నేనే” అంది. నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. సిగ్గుపడాల్సిన మూర్తిగారు కొత్త బోర్డు కింద కూర్చుని కాఫీ తాగుతుంటే, చెయ్యి కాలిన పిల్ల తప్పు నాదంటోంది, ఎండలో కూర్చున్న మనిషి నడుముకు బెల్టు కట్టుకుని బరువులెత్తుతోంది. “తీయమని అడగడం మీ తప్పు కాదు. తిరిగి పెట్టడం నా పని. పెట్టకుండా పెట్టినట్టు రాశాను” అన్నాను. ఆమె జాకెట్టు చెయ్యి కిందికి దించుకుని, ఇక వెళ్లమని మర్యాదగా చెప్పింది.

ఏడాది తర్వాత వేరే ఏజెన్సీలో చేరాను. చేరేముందే వాళ్లకు జరిగిందంతా చెప్పాను. సర్టిఫికెట్ గోడకు పెట్టనన్నాను, అది ఇప్పటికీ ఇంట్లో సొరుగులోనే ఉంది. కారు నేర్చుకున్నాను. కొత్తగా చేరి పరీక్షకు చదివే అమ్మాయిలను పక్కన కూర్చోబెట్టుకుని రౌండబౌట్లలో తిప్పుతాను. తప్పు చెబితే బయటకు రానివ్వను. మేడమ్‌కు కోపం ఎక్కువ అని వాళ్లు వెనక అనుకుంటారు. ఎక్కువే. పోగొట్టుకోవాలని కూడా లేదు. నాతో వచ్చినవాళ్లు ఎవరైనా సరే, ఏ ఇంటికైనా సరే, నాతో పాటు గడప దాటి లోపలికి వస్తారు. ఇష్టం లేని ఇల్లుంటే తాళాలు నా సంచిలోనే ఉంటాయి.

పోయిన శనివారం ఆ కొత్త ఇంట్లో గొడుగు పైకెత్తి మొనతో బొత్తాం నొక్కాను. అలారం ఇల్లదిరేలా కూసింది. ఆ ఇంటి చిన్నపాప చెవులు మూసుకుంది, వీడియోలో అత్తగారు ఏంటే అది అని కేకలు పెట్టింది. మేడ మీదకు వెళ్లి అక్కడిదీ నొక్కి, అప్పుడు టిక్ పెట్టి, అప్పుడు స్టవ్ వెలిగించమన్నాను. పాలు పొంగాయి, మళ్లీ అలారం కూసింది. కూయనిచ్చాను, కిటికీలు తెరిపించి టవలుతో విసిరాం. బయటకు వచ్చి కారులో కూర్చుని, ప్రతి ఇంటి తర్వాత చేసినట్టే, ఫోన్‌లో స్విండన్ నంబరుకు రెండు మాటలు రాశాను: నొక్కినాను ఆంటీ. కాసేపటికి రెండు టిక్కులూ నీలంగా మారాయి. ఈ రెండేళ్లలో ఒక్కసారి కూడా జవాబు రాలేదు. ఒక్కసారి కూడా చదవకుండా వదల్లేదు.